ప్రభువు చిత్తం సరే, అప్పు ఎంతుంది?

అయ్యగారికి, అమ్మగారికి, స్త్రీల సమాజపు అక్కచెల్లెళ్లకు, అన్నలకు ప్రభువు నామంలో వందనాలు. ఒంగోలులో కుటుంబ కూటమంటే ముందు పెద్దల పేర్లన్నీ చదవాలి. నాకిచ్చింది పది నిమిషాలు. పేర్లు వదిలేస్తున్నా, ఎవరూ నొచ్చుకోవద్దు.

అంశం 'రేపటిని దేవునికి అప్పగించుట'. యాకోబు పత్రిక నాలుగో అధ్యాయం మీకు కంఠతా వచ్చు. ప్రభువు చిత్తమైతే ఇది చేస్తాం, అది చేస్తాం అనుకోవాలన్నాడు. మరి మన ఇళ్లలో ఆ మాట ఎక్కడ వాడుతున్నాం? "పిల్లదాని ఫీజు ఎప్పుడు కడతావయ్యా?" "ప్రభువు చిత్తం." "అప్పు ఎంతుంది?" "ప్రభువే చూసుకుంటాడు." గట్టిగా అడిగితే ఆడమనిషికి విశ్వాసం లేదంటారు!

మా నాన్న పొగాకు రైతు. అక్క పెళ్లి వేలం డబ్బుల మీదే పెట్టుకున్నాడు. ఆ ఏడు రేటు పడిపోయింది. బేళ్లు నోబిడ్ అయ్యాయి, అంటే వేలంలో ఎవరూ పాట పాడలేదు. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. అమ్మ శుభలేఖలు పంచేసింది కూడా. చివరికి ట్రాక్టర్ వాకిట్లో ఆగి, గోనెపట్టా చుట్టిన బేళ్లు ఒక్కొక్కటే దించుతుంటే అప్పుడు తెలిసింది ఆమెకు. ఇల్లంతా ఆకు ఘాటు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో నాన్న మిషనరీల కోసం, దేశం కోసం, అందరి కోసం ప్రార్థించాడు. బేళ్ల ఊసు లేదు. దేవుడికి ఎలాగూ తెలుసు, తెలియాల్సింది అమ్మకు కదా! పెళ్లి జరిగింది లెండి, ఆలస్యంగా. వియ్యపురాలి దగ్గరికెళ్లి గడువు అడిగింది అమ్మే.

టైమ్ అయిందని అన్నయ్య చూస్తున్నాడు. ఇదొక్కటి చెప్పనివ్వండి.

వెల్లంపల్లి అంటే ఇప్పుడు మనకు పొగాకు వేలం. 1878 జూలై 3న అక్కడ గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య ప్రతి సభలో చెప్పుకుంటాం. అంతకుముందు 1876-78 నాటి ధాత కరువులో మన ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నారు, ఆ సంగతి ఎవరెత్తుతారు? ఆకలితో వచ్చినవాళ్లకు పని, కూలి. గంజి కోసం క్రైస్తవులయ్యారనే మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. వాన ఎప్పుడు పడుతుందో ఆయనకూ తెలియదు. అయినా ఎంత మట్టి తీస్తే ఎంత కూలో లెక్క చూడక తప్పదు కదా. ఆ లెక్క చూసినందుకు ఆయన్ని అవిశ్వాసి అన్నామా?

అయ్యగారూ, మీకొక మనవి. ప్రార్థన చీటీల మీద అందరం 'కుటుంబ సమస్య' అని రాసి మడిచేస్తున్నాం. చీటీ భార్యాభర్తలిద్దరూ కలిసి రాయాలని ఈ ఆదివారమే ప్రకటించండి. ఫీజైతే ఫీజు, వడ్డీ అయితే వడ్డీ, ఎంతో కూడా రాయమనండి. పేరు రాయకపోయినా ఫరవాలేదు. అన్నలూ, తల దించుకోకండి, మీ ఇంటావిడకు సగం ఎప్పుడో తెలుసు, మిగతా సగం చెప్పండి.