నెట్ లేకుండా నెట్ చదివిన రోజులు

నమస్కారం. కెమెరా కాస్త దగ్గరికి తెస్తున్నాను, చూడండి. నా చేతిలో ఉన్నది పామ్ త్రీ, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. 1998లో వచ్చింది. మెమరీ 2 మెగాబైట్లు. తెర అటు 160 పిక్సెళ్లు, ఇటు 160. రంగుల్లేవు, వైఫై లేదు, సిమ్ లేదు. అయినా అమెరికాలో ఎంతోమంది రైల్లో ఆఫీసుకెళ్తూ ఇందులో ఆనాటి వార్తలు చదువుకునేవాళ్లు. వాళ్లకోసం ఆ పేజీలు తయారుచేసినవాళ్ల పనితనం గురించి ఈరోజు చెప్పుకుందాం. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.

ఇదిగో, దీన్ని నిలబెట్టిన ఈ చిన్న పీటని క్రేడిల్ అంటారు. దీని వైరు కంప్యూటర్ సీరియల్ పోర్టుకి తగిలిస్తాం. ఈ బటన్ నొక్కితే హాట్‌సింక్, అంటే దీనికీ కంప్యూటర్‌కీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం, మొదలవుతుంది. అడ్రసులు, క్యాలెండర్ రెండువైపులా సరిపోల్చుకుంటాయి. ఈ బటన్ ఎలాగూ రోజూ నొక్కుతారు కదా, అదే ఊపులో వెబ్ పేజీలు కూడా ఎక్కించేస్తే పోలా అనుకున్న కంపెనీ అవాంట్‌గో. 1997లో కాలిఫోర్నియాలో పెట్టారు. మనకి కావలసిన ఛానల్, అంటే ఒక సైటు నుంచి ఇందులోకి వచ్చే పేజీల కట్ట, ఎంచుకుంటే చాలు, వాళ్ల సర్వర్ ఆ సైటుకి వెళ్లి, పేజీలు తెచ్చి, కుదించి ఇందులోకి పంపేది.

వినడానికి తేలికే. తయారుచేసేవాళ్లకే అసలు తిప్పలు. ఛానల్ పెట్టాలంటే రెండు సంగతులు తేల్చుకోవాలి: లింకులు ఎంత లోతుకి వెళ్లాలి, మొత్తం సైజు ఎంత దాటకూడదు. మొదటి పేజీలో 10 లింకులున్నాయనుకోండి. వాటిలో ఒక్కోదానికి మళ్లీ పదేసి. రెండు మెట్లు దిగేసరికి 111 పేజీలు. పేజీకి 5 కిలోబైట్లు వేసుకున్నా 555 కిలోబైట్లు. ఉన్నదే 2 మెగాబైట్లు, అందులోనే అడ్రసులు, నోట్సు, ప్రోగ్రాములు కూడా సర్దుకోవాలి! అందుకే ప్రతి పేజీ అడుగున 'మా గురించి', 'సంప్రదించండి' అని అలవాటుగా పెట్టే లింకుల్ని కూడా ఏరి పారేసేవాళ్లు.

ఆ రోజుల్లో సైట్లు చాలావరకు టేబుళ్లతో, అంటే గళ్ల పట్టికలతో కట్టినవే. ఎడమన మెనూ, నడుమ వార్త, కుడిపక్క ప్రకటనలు. ఆ మూడు గళ్లనీ ఇంత తెరలో ఇరికిస్తే వరసకో మాట మిగులుతుంది. ఆ టేబుల్ విప్పేసి, వార్తని పైనుంచి కిందికి ఒకే ధారగా పెట్టాలి. బొమ్మల్ని 150 పిక్సెళ్ల లోపుకి తగ్గించాలి, స్క్రోల్ పట్టీకి చోటుండాలిగా. ఈ తెర చూపించగలిగేది నాలుగు ఛాయలే. గ్రాఫులో ఎర్ర గీత, పచ్చ గీత పక్కపక్కన ఉంటే రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. పనితెలిసినవాళ్లు ఒకదాన్ని చుక్కల గీతగా మార్చేవాళ్లు.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది రాత. వైరు తీసేశాక చదివేవాడికి ఇంకో దారి లేదు. 'వివరాలకు ఇక్కడ నొక్కండి' అని రాసి, ఆ పేజీ ఎక్కించకపోతే అతను రైల్లో అలా ఆగిపోతాడు. కాబట్టి కావలసిన వివరం ఆ పేజీలోనే ఇచ్చెయ్యాలి. ఫారాలకీ ఇదే బాధ. నింపి 'పంపు' నొక్కితే అది మళ్లీ సింక్ చేసేదాకా ఇందులోనే కూర్చుంటుంది. అక్కడ 'మీ సమాచారం అందింది' అని రాస్తే అబద్ధమే.

ప్లక్కర్ అని ఇలాంటి ప్రోగ్రామే ఇంకోటి ఉండేది, ఉచితంగా, దాన్ని రాసిన సోర్స్ కోడ్‌తో సహా. అందులో పేజీలు కూర్చే పని మన కంప్యూటరే చేస్తుంది. మనం హోమ్ అనే ఒక చిన్న పేజీ రాసుకోవాలి: ఈ సైటు ఒక మెట్టు లోతు చాలు, దీంట్లో బొమ్మలొద్దు, అలా. ఎవరి పేపరుకి వాళ్లే ఎడిటర్ అన్నమాట. నా మనసు మాత్రం దీనివైపే మొగ్గుతుంది.

మన తెలుగు సంగతి చెప్పనా? అప్పట్లో తెలుగు సైట్లు చాలావరకు సొంత ఫాంట్లతో నడిచేవి. ఆ ఫాంటు ఇందులో ఉండదు కాబట్టి, తెచ్చినా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపించేవి. బొమ్మగా మార్చి పెడదామంటే మెమరీ చాలదు.

అవాంట్‌గోని 2003లో సైబేస్ కొనుక్కుంది. 2009 జూన్ 30న ఆ సర్వీసు ఆపేశారు. ఆ కాలపు గుర్తు ఒకటి మాత్రం ఇప్పటికీ తగులుతుంటుంది: 'హ్యాండ్‌హెల్డ్ ఫ్రెండ్లీ' అనే మెటా ట్యాగ్, అంటే పేజీ కోడ్‌లో తెరమీద కనబడకుండా ఉండే ఒక గుర్తు. ఈ పేజీ చిన్న తెరకోసమే తయారైంది, దీన్ని ముట్టుకోకు అని అవాంట్‌గోకి చెప్పడానికి పెట్టేవాళ్లు. కొన్ని సైట్ల సోర్స్ తెరిస్తే ఇంకా ఉంటుంది.

ఈ వెనక మూత తీస్తే రెండు సన్న బ్యాటరీలు, ట్రిపుల్ ఏ. ఎక్కించిన పేజీలన్నీ ర్యామ్‌లోనే, అంటే కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలోనే ఉంటాయి. సర్వీసు ఆగిన రోజున ఎవరి పామ్ త్రీలో ఏ వార్తలు ఉన్నాయో, అవి దాని రెండు బ్యాటరీలు అయిపోయేదాకా అలాగే ఉండి ఉంటాయి.