శ్వాస గడిలో ఎప్పుడూ 20 ఎందుకు ఉంటుంది?

[తెరపై: చేతితో నింపిన టీపీఆర్ షీటు]

నమస్కారం. తెరపై ఉన్న ఈ టీపీఆర్ షీటు, అంటే రోగి జ్వరం, నాడి, శ్వాస పూటపూటకూ రాసే కాగితం, బోధన కోసం నేను తయారుచేసుకున్న నమూనా. అయినా వార్డులో ఒక్క నెల పనిచేసిన వారికైనా ఇది బాగా తెలిసిన కాగితంలాగే కనిపిస్తుంది. జ్వరం గడిలో అంకెలు మారుతున్నాయి, నాడి గడిలోనూ మారుతున్నాయి, రక్తపోటు పూటకో తీరుగా ఉంది. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో రాసే శ్వాస గడిలో మాత్రం ఉదయం ఆరింటికి 20, మధ్యాహ్నం రెండింటికి 20, రాత్రి పదింటికి 20. న్యుమోనియాతో చేరిన వృద్ధుడికీ 20, నిన్న హెర్నియా ఆపరేషన్ అయిన యువకుడికీ 20. వార్డులో ఉన్నవారంతా కూడబలుక్కుని ఒకే లయలో ఊపిరి తీస్తున్నారని మనల్ని నమ్మమంటోంది ఈ కాగితం.

దీన్ని ఆసుపత్రి యాజమాన్యానికి చూపిస్తే వెంటనే వచ్చే సమాధానం ఒకటుంది: "సిస్టర్లకు శిక్షణ చాలడం లేదు, ఒక క్లాసు పెట్టించండి." నర్సింగ్ ట్యూటర్‌గా ఈ మాట నేను వినీ వినీ విసిగిపోయాను. విసిగిపోవడానికి కారణం నా అనుభవమే. ఒక ఆసుపత్రిలో శ్వాస లెక్కింపు మీద రెండు గంటల క్లాసు చెప్పాను, హాజరు పట్టీలో అందరూ సంతకాలు చేశారు, టీ బిస్కెట్లు కూడా అయ్యాయి. మరుసటి వారం అదే వార్డుకు వెళ్లి చూస్తే గడిలో మళ్లీ 20. ఒక సిస్టర్‌ను పక్కకు పిలిచి అడిగాను. ఆమె ఏమీ దాచలేదు. "మేడమ్, ఊపిరి లెక్కపెట్టడం నేను మొదటి సంవత్సరంలోనే నేర్చుకున్నాను. మొన్న ఒకాయనకు 28 వస్తే డ్యూటీ డాక్టర్ గారికి ఫోన్ చేశాను. జ్వరం ఉన్నవాళ్లకు అలాగే ఉంటుంది, ప్రతి చిన్నదానికీ ఫోన్ చేయకండి అన్నారు. ఆ తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను."

ఈ వీడియో అంతా ఆమె చెప్పిన చివరి వాక్యం గురించే.

ముందుగా, మిగతా గడులన్నీ వదిలి ఈ ఒక్క గడినే ఎందుకు పట్టుకున్నానో చెబుతాను. నాడిని, ఆక్సిజన్‌ను వేలికి తగిలించిన పరికరం చెబుతుంది, రక్తపోటును యంత్రం చెబుతుంది, జ్వరాన్ని థర్మామీటరు చెబుతుంది. సాధారణ వార్డులో ఊపిరిని మాత్రం మనిషే నిలబడి, గడియారం చూస్తూ, నిమిషం పాటు లెక్కపెట్టాలి. పైగా లెక్కపెడుతున్నామని రోగికి తెలిస్తే ఆయన ఊపిరి తీరు మారిపోతుంది కాబట్టి, నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని ఛాతీ కదలికలను గమనించాలి. ఇది పాతకాలపు నర్సింగ్ విద్య. చాలా అందమైన విద్య అని కూడా నా అభిప్రాయం.

రోగి పరిస్థితి విషమించేటప్పుడు తరచుగా ముందుగా మారేది కూడా ఇదే. ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరి రక్తంలో ఆమ్లం పెరిగితే, దాన్ని సరిదిద్దడానికి మెదడు ఊపిరి వేగాన్ని పెంచి కార్బన్ డయాక్సైడ్‌ను బయటకు పంపిస్తుంది. అలా గబగబా ఊపిరి తీస్తున్నంత సేపూ వేలి పరికరంలో ఆక్సిజన్ 96 అని నిశ్చింతగానే కనిపించవచ్చు. యంత్రం బాగానే ఉందంటున్నప్పుడు, బాగా లేదని చెప్పగలిగేది ఆ పడక పక్కన నిలబడి నిమిషం పాటు లెక్కపెట్టిన సిస్టర్ ఒక్కరే.

[తెరపై: రెండు స్కోరు పట్టికలు పక్కపక్కన]

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో న్యూస్ అనే ముందస్తు హెచ్చరిక స్కోరును తీసుకొచ్చి, 2017లో దానిని సవరించింది. ఒక్కో కొలత మామూలు నుంచి ఎంత దూరం పోతే దానికి అన్ని ఎక్కువ మార్కులు, మొత్తం ఎంత పెరిగితే రోగికి అంత ప్రమాదం. ఒక రోగికి నాడి 104, దానికి 1 మార్కు. జ్వరం 38.4 డిగ్రీల సెల్సియస్, దానికి 1. పై రక్తపోటు 118, ఆక్సిజన్ 96, తెలివిగానే మాట్లాడుతున్నారు, ఆక్సిజన్ పెట్టలేదు, వీటన్నిటికీ సున్నా. శ్వాస గడిలో అలవాటుగా 20 రాస్తే దానికీ సున్నాయే కాబట్టి మొత్తం స్కోరు 2. అంటే నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత మళ్లీ చూస్తే సరిపోతుంది. అదే రోగి ఊపిరిని నిజంగా లెక్కపెట్టి 26 రాశారనుకోండి. 25 గాని అంతకు మించి గాని ఉంటే 3 మార్కులు, మొత్తం 5. ఐదు దాటితే కాదు, ఐదు వచ్చినా చాలు: గంటకోసారి తగ్గకుండా చూడాలి, డాక్టర్ త్వరగా వచ్చి పరీక్షించాలి. రోగి ఒకరే, పడక ఒకటే, సమయం ఒకటే. ఒక్క గడిలోని అంకె ఆయనను ఉదయం రౌండ్స్ దాకా ఆపుతుంది, లేదా ఈ రాత్రికే ఐసీయూ వైపు చూపు మళ్లిస్తుంది.

ఇంత విలువైన అంకెను చదువుకున్న సిస్టర్ ఎందుకు ఊహించి రాస్తారు? బద్ధకం అని కొందరంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. ఎవరూ చదవని కాగితాన్ని ఎంతకాలం నిజాయితీగా నింపగలమో మనల్ని మనమే అడిగి చూడాలి. రౌండ్స్‌లో డాక్టర్ ఆ గడిని చూడరు, ఇన్‌ఛార్జ్ సిస్టర్ అది నిండిందా లేదా అని మాత్రమే చూస్తారు, తనిఖీకి వచ్చినవారు ఖాళీ గడుల కోసం వెతుకుతారు. ఖాళీగా వదిలితే మాట పడాలి, 20 రాస్తే ఎవరూ ఏమీ అనరు, 28 రాస్తే ఫోన్ చేయాలి, ఫోన్ చేస్తే చీవాట్లు తినాలి. ఇన్ని సంకేతాల మధ్య పనిచేసే మనిషికి రెండు గంటల క్లాసు ఏం నేర్పుతుంది? ఆ సిస్టర్ చేసింది తప్పే, కాని ఆ తప్పును ఆసుపత్రే ఓపికగా ఆమెకు నేర్పింది.

అందువల్ల శిక్షణ ఒక పని, నిర్ణయాల్లో నర్సుల భాగస్వామ్యం మరో పని అని విడదీసి రెండు కమిటీలు వేయడం నాకు అర్థం లేని పనిగా తోస్తుంది. లెక్కపెట్టడం నేర్పిన రోజునే, ఆ లెక్కకు ఎవరు జవాబివ్వాలో కూడా రాతపూర్వకంగా తేల్చాలి. స్కోరు 5 వస్తే డ్యూటీ డాక్టర్ ఎన్ని నిమిషాల్లో రావాలి, రాకపోతే సిస్టర్ నేరుగా ఎవరికి ఫోన్ చేయవచ్చు, అలా చేసినందుకు ఆమెను ఎవరూ తప్పుపట్టరని సూపరింటెండెంట్ సంతకం ఎక్కడ ఉంది? ఆ సంతకం లేని క్లాసుకు నేను ఇప్పుడు వెళ్లడం లేదు.

ఈ సంతకం బలం ఏమిటో అమెరికాలో చూడవచ్చు. జాన్స్ హాప్కిన్స్ వైద్యుడు పీటర్ ప్రోనోవోస్ట్, ఆయన బృందం పెద్ద రక్తనాళాల్లో వేసే సన్నని గొట్టాల (కాథెటర్ల) వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లను తగ్గించడానికి ఐదు అంశాల జాబితా రాశారు. చేతులు కడుక్కోవడం, రోగిని పూర్తిగా క్రిములు లేకుండా శుద్ధి చేసిన గుడ్డతో కప్పడం వంటివి. అందులో డాక్టర్లకు తెలియనిది ఒక్కటీ లేదు. అసలు మార్పు మరోచోట ఉంది. డాక్టర్ ఒక మెట్టు దాటవేస్తే పనిని అక్కడే ఆపించే అధికారం నర్సుకు ఇచ్చారు, ఆ అధికారం వెనుక యాజమాన్యం నిలబడింది. మిషిగన్ రాష్ట్రంలోని ఐసీయూలలో దీన్ని అమలుచేసి 2006లో ఫలితాలు ప్రచురించారు: వెయ్యి కాథెటర్ రోజులకు (ఒక రోగికి కాథెటర్ ఉన్న ఒక్కో రోజూ ఒక కాథెటర్ రోజు) 2.7గా ఉన్న మధ్యస్థ ఇన్ఫెక్షన్ రేటు మూడు నెలల్లో సున్నాకు చేరింది. జాబితాను మన ఆసుపత్రులు కూడా గోడలకు అంటించుకున్నాయి. ఆపే అధికారాన్ని మాత్రం ఎన్ని చోట్ల ఇచ్చారో మీకు తెలిసే ఉంటుంది.

సమయం దగ్గరపడుతోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను.

మొదటిది నర్సుల సంఖ్య. ముప్పై పడకల వార్డులో రాత్రి ఒక్కరే సిస్టర్ ఉంటే, శ్వాస గడి నిజాయితీగా నింపడానికే ప్రతి విడతకూ అరగంట కావాలి. ఇంజెక్షన్లు, సెలైన్లు, కొత్త అడ్మిషన్లు దీనికి అదనం. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సు చూసే రోగుల సంఖ్యకు ఒక్కరు చేరినా, శస్త్రచికిత్స రోగులు ముప్పై రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించింది. అదే పరిశోధకురాలి బృందం 2014లో తొమ్మిది ఐరోపా దేశాల లెక్కలు చూసి, డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం ఎక్కువగా ఉన్నచోట ఆ అవకాశం 7 శాతం తక్కువగా ఉందని తేల్చింది. చదువు, సంఖ్య రెండూ కావాలి. క్లాసు పెట్టి పోస్టులు భర్తీ చేయకపోవడం పొదుపు అనిపించుకోదు.

రెండోది, ఫోన్‌లో చెప్పే తీరు. "సార్, పేషెంట్ ఏదోలా ఉన్నారు" అంటే అవతలివారు మళ్లీ నిద్రపోతారు. ఇప్పుడేమైంది, నేపథ్యం ఏమిటి, నా అంచనా ఏమిటి, మీరు ఏం చేయాలి అనే నాలుగు ముక్కల పద్ధతిని ఎస్‌బార్ అంటారు. దీన్ని సిస్టర్లకు, హౌస్ సర్జన్లకు ఒకే గదిలో కూర్చోబెట్టి నేర్పాలి, ఎందుకంటే చెప్పేవారు నేర్చుకుని వినేవారు నేర్చుకోకపోతే మళ్లీ 20 దగ్గరకే వస్తాం.

మూడోది మన దగ్గరి ఉదాహరణ. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ (ప్రసవ సంరక్షణ) శిక్షణ మొదలుపెట్టింది. సాధారణ ప్రసవాలను స్వతంత్రంగా చూసుకునే బాధ్యతను ఉద్దేశించి ఇచ్చిన శిక్షణ అది. చదువుతో పాటు నిర్ణయాధికారాన్ని కూడా ముందే ఆలోచించారు గనుక నాకు నచ్చింది. దీని గురించి విడిగా వీడియో చేస్తాను.

ఇక నర్సింగ్ సూపరింటెండెంట్లకు ఒక పని. రేపు ఏ వార్డులోనైనా పది కేస్ షీట్లు తీయండి. ఖాళీ గడులను వదిలేయండి. శ్వాస గడుల్లో 20 కాకుండా ఇంకెన్ని రకాల అంకెలు ఉన్నాయో లెక్కపెట్టండి. 25 గాని అంతకు మించి గాని ఉన్న ప్రతి అంకె పక్కన, ఎవరు ఎన్ని గంటలకు వచ్చి చూశారో రాసి ఉందేమో వెతకండి. రాసి ఉంటే ఆ అంకె వేసిన సిస్టర్ పేరు అడిగి తెలుసుకోండి, తర్వాతి క్లాసు ఆమెతో చెప్పించండి.