కొత్త బ్రౌజర్ అంటే ఎందుకు వెనకాడతాం?

శ్రోతలకు నమస్కారం.

కరెంటు బిల్లు, ఇంటి పన్ను, పిల్లల హాల్ టికెట్, రైలు టికెట్... విశాఖలో ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ పనులన్నీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో అయిపోతున్నాయి. వాట్సాప్‌లో వచ్చిన లింకు మీద వేలు పెట్టగానే ఒక బ్రౌజర్, అంటే వెబ్ పేజీలు చూపించే యాప్, తెరుచుకుంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అది క్రోమ్. ఐఫోన్‌లో సఫారీ. కొత్తగా కొన్న విండోస్ కంప్యూటర్‌లో ఎడ్జ్. వీటిలో మనం ఎంచుకున్నది ఏదీ లేదు, పెట్టె విప్పేసరికే ఉన్నాయి. ఇలా లింకు నొక్కగానే తనంతట తాను తెరుచుకునేదాన్ని డీఫాల్ట్ బ్రౌజర్ అంటున్నాం. దాన్ని మార్చడానికి రెండు నిమిషాలు చాలు. అయినా ఎక్కువ మంది ఏళ్ల తరబడి మార్చరు. నెమ్మదిగా ఉందని రోజూ విసుక్కునేవాళ్లు కూడా దాంతోనే నెట్టుకొస్తారు.

దీన్ని బద్ధకం అని కొట్టిపారేస్తుంటారు. అది సరైన మాట కాదు. ఇల్లు మొత్తానికి ఒకటే కంప్యూటర్ ఉన్నచోట చూడండి. కొడుకు కొత్త బ్రౌజర్ వేస్తానంటే తండ్రి, "ఒరే, దాన్ని కదపకు, నా పాస్‌వర్డులన్నీ పోతాయి" అంటాడు. ఆ భయంలో సగం అనవసరం, సగం నిజం. ఏది అనవసరమో, ఏది నిజమో విడదీసి చూస్తే మారడమూ తేలికవుతుంది, మారకూడని సందర్భమూ తెలుస్తుంది.

మనం మార్చం అన్న సంగతి కంపెనీలకు బాగా తెలుసు. ఐఫోన్ సఫారీలో తన సెర్చ్ డీఫాల్ట్‌గా ఉండటం కోసం గూగుల్ 2022 ఒక్క సంవత్సరంలోనే ఆపిల్‌కు సుమారు 2,000 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. అది సెర్చ్‌కు సంబంధించిన లెక్క, బ్రౌజర్‌ది కాదు. కానీ రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే. ముందే పెట్టి ఇచ్చినదాన్ని జనం కదపరు. మన దేశంలోనూ 2022 అక్టోబరులో, కంపెనీల మధ్య పోటీ న్యాయంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో క్రోమ్‌తో సహా తన యాప్‌లను కట్టగట్టి ముందే వేయించడం ఆ కేసులో ప్రధానమైన అంశం.

ఇక అసలు భయం దగ్గరికి వద్దాం. బ్రౌజర్‌లో మనవి ఏమేం ఉంటాయి? బుక్‌మార్కులు అంటే గుర్తు పెట్టుకున్న పేజీల లింకులు, చూసిన పేజీల చరిత్ర, పాస్‌వర్డులు, అడ్రసు, ఫోన్ నంబరు లాంటి వివరాలు. ఇవి చాలావరకు కొత్త బ్రౌజర్‌లోకి తెచ్చుకోవచ్చు. రానివి వేరే ఉన్నాయి. జీమెయిల్, బ్యాంకు, ఐఆర్‌సీటీసీ లాంటి సైట్లలో ఇప్పటికే లాగిన్ అయి ఉన్న స్థితి రాదు. ఆ గుర్తును సైటు మన బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న ఫైలుగా దాచుకుంటుంది. కొత్త బ్రౌజర్‌లో ఆ కుకీ లేదు కనుక బ్యాంకు సైటు మిమ్మల్ని కొత్త మనిషిని చూసినట్టు చూస్తుంది. మళ్లీ ఓటీపీ, మళ్లీ భద్రతా ప్రశ్న.

నిజంగా దెబ్బ తగిలేది ఇక్కడే. అయిదేళ్లుగా బ్రౌజరే పాస్‌వర్డు నింపుతోంది, మనకు గుర్తులేదు. సరే, మర్చిపోయాను అని నొక్కితే ఓటీపీ వెళ్లేది ఎప్పుడో వదిలేసిన పాత సిమ్ నంబరుకి. అలా అయితే ఖాతా చేజారినట్టే. అందుకే బ్రౌజర్ మార్చే ముందు చేయాల్సిన మొదటి పని కొత్త బ్రౌజర్ దించుకోవడం కాదు. మీ జీమెయిల్, ఐఆర్‌సీటీసీ, డిజీలాకర్, పీఎఫ్ ఖాతాల్లో ఇప్పుడు వాడుతున్న మొబైల్ నంబరే ఉందో లేదో చూసుకోవడం. ఇంకా లాగిన్ అయి ఉన్నప్పుడే చూసుకోండి. బయటికి వచ్చాక నంబరు మార్చడం చాలా తిప్పలు.

అనవసర భయం మాటకొస్తే, డీఫాల్ట్ మార్చినంత మాత్రాన పాత బ్రౌజర్‌లో ఒక్క అక్షరం కూడా చెరిగిపోదు. అది అక్కడే ఉంటుంది, పాస్‌వర్డులతో సహా. నచ్చకపోతే అదే సెట్టింగ్‌లోకి వెళ్లి వెనక్కి మార్చుకోవచ్చు. తీసేయడం వేరు, డీఫాల్ట్ మార్చడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే చాలా మంది ఆగిపోతున్నారు.

అవసరం వస్తే మనవాళ్లు మారలేరా అంటే, మారారు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. అందులో యూసీ బ్రౌజర్ ఒకటి. తక్కువ ధర ఫోన్లు వాడేవాళ్లలో దానికి అప్పట్లో చాలా ఆదరణ ఉండేది. వాళ్లంతా వేరే బ్రౌజర్లకు వెళ్లిపోయారు. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మద్దతు ఆపేసినప్పుడు ఆఫీసులూ మారక తప్పలేదు. తొందరలో మారాల్సి వస్తే వెంట తెచ్చుకోవలసినవి వెనకే మిగిలిపోతాయి. తీరిక ఉన్నప్పుడే మారడం మంచిదనడానికి కారణం అదే.

పద్ధతి చెబుతాను. విండోస్ కంప్యూటర్, క్రోమ్ నుంచి ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్‌కి మారడం అనుకుందాం. ఫైర్‌ఫాక్స్‌ను దాని సొంత సైటు నుంచే దించుకోండి. సెర్చ్ చేసినప్పుడు పైన కనిపించే ప్రకటనల లింకులు నొక్కవద్దు. వేశాక, క్రోమ్ కిటికీలన్నీ పూర్తిగా మూసేయండి. తెరిచి ఉంటే కొన్నిసార్లు దాని ఫైళ్లు చదవడం కుదరదు. ఫైర్‌ఫాక్స్‌లో కుడివైపు పైన మూడు గీతలు నొక్కి, సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఇంపోర్ట్ బ్రౌజర్ డేటా ఎంచుకోండి. బుక్‌మార్కులు, చరిత్ర వచ్చేస్తాయి.

పాస్‌వర్డులు ఆ దారిలో ఒక్కోసారి రావు. అప్పుడు క్రోమ్ తెరిచి, గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కాలి. కంప్యూటర్ పిన్ అడుగుతుంది. ఆ పిన్ ఎవరు పెట్టారో ఇంట్లో ఎవరికీ గుర్తులేక ఇక్కడే ఆగిపోయేవాళ్లు ఉన్నారు. ముందే తెలుసుకుని కూర్చోండి. పిన్ ఇచ్చాక సీఎస్‌వీ అనే ఫైలు వస్తుంది. దాన్ని ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డుల పేజీలో, మూడు చుక్కల మెనూ నుంచి ఇంపోర్ట్ చేసుకోవచ్చు.

ఈ ఫైలు దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. అందులో మీ బ్యాంకు పాస్‌వర్డుతో సహా అన్నీ పచ్చి అక్షరాల్లో, తాళం లేకుండా ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా కనిపిస్తాయి. డెస్క్‌టాప్ మీద పెట్టకండి, చాలా కంప్యూటర్లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వాటంతటవే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లోకి కాపీ అవుతుంటాయి. డౌన్‌లోడ్స్‌లో పెట్టి, పని అయిన మరుక్షణం షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కండి. అప్పుడు రీసైకిల్ బిన్‌లో కూడా మిగలదు. ఈ పని ఇంట్లో సొంత కంప్యూటర్‌లోనే చేయండి. గాజువాకలోనైనా మద్దిలపాలెంలోనైనా నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఎంత తెలిసినవాళ్లదైనా చేయకండి. ఆ ఫైలును వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడమూ వద్దు.

ఇంతవరకు డీఫాల్ట్ మార్చలేదని గమనించండి. ఇప్పుడే మార్చకండి కూడా. ఒక వారం రెండు బ్రౌజర్లూ ఉంచుకుని, రోజుకి రెండు మూడు సైట్లలో కొత్తదాంట్లో లాగిన్ అవ్వండి. ఒకేసారి అన్నీ చేయబోతే ఒకే గంటలో పది ఓటీపీలు, రెండు తప్పులు, ఒక ఖాతా తాత్కాలికంగా లాక్. అక్కడితో విసుగొచ్చి వెనక్కి వెళ్లిపోతారు. ఇంకో సంగతి. మొదటి రెండు రోజులూ కొత్త బ్రౌజర్ నెమ్మదిగా అనిపించవచ్చు. పాతదాంట్లో మీరు రోజూ చూసే సైట్ల బొమ్మలు, ఫైళ్లు కొన్ని ముందే నిల్వ ఉన్నాయి. కొత్తది మొదటిసారి అన్నీ దించుకోవాలి. రెండు రోజులకే తీర్పు చెప్పేయడం దానికి అన్యాయం.

వారం తర్వాత, విండోస్ 11లో విండోస్ మీట, ఐ అక్షరం కలిపి నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి. యాప్స్, అందులో డీఫాల్ట్ యాప్స్, జాబితాలో ఫైర్‌ఫాక్స్. పైన సెట్ డీఫాల్ట్ అనే బటన్. 2021లో విండోస్ 11 వచ్చిన కొత్తలో ఈ ఒక్క బటన్ లేదు, హెచ్‌టీఎంఎల్, హెచ్‌టీటీపీ అంటూ ఒక్కోదాన్నీ విడిగా మార్చాల్సి వచ్చేది. గొడవ అయ్యాక 2022లో చేర్చారు. విండోస్ 10లో అయితే వెబ్ బ్రౌజర్ అన్నచోట మార్చబోతే, వెళ్లేముందు ఎడ్జ్ చూడండి అని ఒక ప్రశ్న అడ్డం వస్తుంది. హెచ్చరికేమో అనుకుని చాలా మంది అక్కడ ఆగిపోతారు. అది ప్రకటన మాత్రమే. స్విచ్ ఎనీవే నొక్కండి, ఏమీ కాదు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్, యాప్స్, డీఫాల్ట్ యాప్స్, బ్రౌజర్ యాప్. కంపెనీని బట్టి పేర్లు కొంచెం అటూఇటూ ఉంటాయి, సెట్టింగ్స్‌లో పైన వెతికే పెట్టెలో డీఫాల్ట్ అని కొడితే దొరుకుతుంది. ఐఫోన్‌లో 2020లో ఐఓఎస్ 14 నుంచే ఈ వీలు ఉంది. అయితే మన దేశంలో ఐఫోన్ మీద ఏ బ్రౌజర్ వేసినా లోపల పేజీ గీసే యంత్రాంగం సఫారీదే. అందుకని అక్కడ వేగంలో పెద్ద తేడా ఆశించవద్దు.

మార్చాక కూడా మారనట్టు కనిపించేవి రెండు ఉన్నాయి. ఒకటి పీడీఎఫ్. యూనివర్సిటీ హాల్ టికెట్టో, కరెంటు బిల్లో డబుల్ క్లిక్ చేస్తే మళ్లీ ఎడ్జ్ తెరుచుకుంటుంది. సెట్ డీఫాల్ట్ బటన్ వెబ్ పేజీలనే మారుస్తుంది, పీడీఎఫ్‌ను కాదు. డీఫాల్ట్ యాప్స్ పేజీలో వెతికే పెట్టెలో చుక్క పెట్టి పీడీఎఫ్ అని కొట్టి దాన్ని విడిగా మార్చాలి. రెండోది, స్టార్ట్ మెనూలో వెతికి వెబ్ ఫలితం నొక్కితే ఎడ్జే వస్తుంది. ఇక్కడ మనం చేయగలిగింది లేదు, మైక్రోసాఫ్ట్ అలా కట్టిపెట్టింది. ఈ రెండూ చూసి, మార్చడం చేతకాలేదని అనుకోకండి.

డబ్బు కట్టే పేజీల గురించి ఒక మాట. పాత బ్రౌజర్‌లో బ్యాంకు పాప్-అప్‌కి, అంటే విడిగా తెరుచుకునే చిన్న కిటికీకి, ఎప్పుడో అనుమతి ఇచ్చి ఉంటారు, అది కొత్తదాంట్లో లేదు. పన్ను కడుతుంటే బ్యాంకు పేజీ రాదు, తెర ఖాళీగా ఉంటుంది. అప్పుడు అడ్రస్ పట్టీ దగ్గరో దాని కిందో పాప్-అప్ ఆపేసినట్టు గుర్తు గానీ సందేశం గానీ కనిపిస్తుంది, అక్కడ అనుమతి ఇవ్వాలి. ముందుగా మాత్రం బ్యాంకు ఎస్సెమ్మెస్ వచ్చిందేమో చూడండి. చూడకుండా రెండోసారి పే నొక్కితే డబ్బు రెండుసార్లు కట్ అయి, వెనక్కి రావడానికి రోజులు పడుతుంది.

మార్చకూడని వాళ్లూ ఉన్నారు. స్టీల్ ప్లాంట్, పోర్టు పనులకు టెండర్లు వేసే కాంట్రాక్టర్లు, జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంట్లు పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్‌తో డిజిటల్ సంతకం చేస్తారు.  పాతదాంట్లో పనిచేసిన టోకెన్ కొత్తదాంట్లో కనిపించకపోవచ్చు. ఆ పోర్టల్ ఏ బ్రౌజర్ వాడమంటే అదే ఆ పనికి ఉంచుకోండి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉంటే తప్ప తెరుచుకోని పాత సైట్లకు ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది. చేర్చిన సైటు అందులో 30 రోజులే ఉంటుంది, తర్వాత మళ్లీ చేర్చుకోవాలి. నెల తిరిగేసరికి సైటు పాడైందని కంగారుపడటానికి కారణం చాలాసార్లు ఇదే.

ఏ బ్రౌజర్ మంచిది అని అడిగితే, ముందు లోపలి ఇంజిన్, అంటే పేజీ గీసే యంత్రాంగం, చూడాలి. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఓపెరా, మన దేశంలో జోహో తయారుచేసిన ఉలా, ఇవన్నీ క్రోమియం అనే ఒకే పునాది మీద కట్టినవే. వీటి మధ్య మారితే సైట్లు అవే తీరుగా పనిచేస్తాయి, క్రోమ్ ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, కూడా చాలావరకు పడతాయి. మొదటిసారి మారేవాళ్లకు ఇది తేలిక దారి. ఫైర్‌ఫాక్స్ వేరే ఇంజిన్. ప్రకటనలు గట్టిగా అడ్డుకోవాలనుకునేవాళ్లకు, ఇంజిన్లన్నీ ఒకరి చేతిలోకే పోకూడదనుకునేవాళ్లకు అదే సరైనదని నా అభిప్రాయం. విండోస్ 7 ఇంకా నడుస్తున్న జెరాక్స్ షాపుల వాళ్లు మాత్రం బ్రౌజర్ మార్పుతో సరిపెట్టుకోకూడదు. అక్కడ క్రోమ్ 2023లోనే 109వ వెర్షన్ దగ్గర ఆగిపోయింది. అక్కడ మార్చాల్సింది విండోస్‌నే, జనం ఆధార్ కాపీలు తెరిచేది ఆ కంప్యూటర్లలోనే కదా.

చివరిగా రోజు ఎంచుకోవడం. ఇంటి పన్ను రాయితీ కోసం ఏప్రిల్ ఆఖరులో కట్టేవాళ్లు, ఆదాయపు పన్ను రిటర్ను గడువు ముందు కూర్చునేవాళ్లు, పిల్లల పరీక్ష ఫీజు చివరి తేదీ దగ్గరపడ్డవాళ్లు ఆ వారం బ్రౌజర్ జోలికి పోవద్దు. ఆ పనులు పాతదాంట్లోనే పూర్తి చేసి, రసీదు పీడీఎఫ్ దాచుకుని, ఆ తర్వాత వచ్చే ఆదివారం మొదలుపెట్టండి. మొబైల్ నంబర్లు సరిచూసుకోవడం మాత్రం ఈ సాయంత్రమే చేసేయండి.

నమస్కారం.