గట్టు మీద కుప్ప

(ఒడిశాలోని పర్లాకిమిడిలో గాంధీ జయంతి శ్రమదానానికి ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. అమ్మలకు, అయ్యలకు, వెనకాల చీపుళ్లు పట్టుకుని నిలబడ్డ కాలేజీ పిల్లలకు. ఎండెక్కకముందే పనిలోకి దిగాలి, పది నిమిషాల్లో ముగించమన్నారు. మాస్టర్లకు పది నిమిషాలంటే ఎంతో మీకు తెలుసు.

ఇవాళ గాంధీగారి పుట్టినరోజే కాదు, మన జిల్లా పుట్టినరోజు కూడా. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయి గజపతి జిల్లా అయ్యాం. అదే రోజున అటు కొరాపుట్ నుంచి రాయగడా విడివడింది. అంచేత ఈ సెలవుకి మన దగ్గర సభలు ఎక్కువ, దండలు ఎక్కువ. పని సంగతి అంటారా, నా కథే చెబుతాను.

పోయినేడు ఇదే రోజున ఇరవై మందిమి మా పేట చెరువులోకి దిగాం. గుర్రపు డెక్క అల్లుకుపోయి నీళ్లే కనబడేవి కావు. మోకాలి లోతు బురదలో నిలబడి లాగాం. లాగితే ఒక్క మొక్క రాదు, చాప చుట్టినట్టు పదీ ఇరవై కలిసి వస్తాయి. వేళ్ల నిండా నల్ల బురద, మధ్యలో జలగలు. మధ్యాహ్నానికి గట్టు మీద మనిషెత్తు కుప్ప లేచింది. దాని పక్కన నిలబడి ఫొటో దిగాం. ఇళ్లకెళ్లి తలంటు పోసుకున్నాం. ఆ కుప్ప ఎవరు ఎత్తాలన్నది ఒక్కరికీ తట్టలేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, నాకూ తట్టలేదు.

నాలుగో రోజున వాన పట్టింది. సగం కుప్ప మళ్లీ చెరువులోకే జారింది. మిగతా సగం కుళ్లి, గట్టు మీద నడిచేవాళ్లు ముక్కు మూసుకున్నారు. సంక్రాంతికి చెరువు ఎప్పట్లాగే పచ్చగా ఉంది. మా వీధి ఊడ్చే అమ్మ నన్ను నిలబెట్టి, "ఏటి మాస్టారూ, తమరు ఒక్క పూట సేవ చేసేరు, నాకు వారం దినాల పని ఎట్టేరు" అంది. నవ్వుతూనే అంది లెండి. పోయినేడు ఈ రోజున ఆమెకు సెలవు లేదు. ఇవాళా లేదు.

1901లో కలకత్తా కాంగ్రెస్ సభల్లో మరుగుదొడ్ల కంపు చూసి గాంధీగారు వాలంటీర్లకు చెబితే, అది మా పని కాదు, పాకీవాళ్ల పని అన్నారట. ఆయనే చీపురు పట్టుకుని శుభ్రం చేశారు. ఇంతవరకు అందరూ చెబుతారు, తరవాతి ముక్క చెప్పరు. తన మట్టుకు చేసుకున్నాననీ, అంతమంది జనానికి మాటిమాటికీ కడగడం తన వల్ల కాలేదనీ ఆయనే రాసుకున్నారు. నాకు ఆ ముక్కే ఇష్టం. 2014లో స్వచ్ఛ భారత్ అంటూ ఏడాదికి 100 గంటలు, అంటే వారానికి రెండు గంటలు శుభ్రతకి ఇస్తామని మన చేత ప్రమాణం చేయించారు. నేనూ చెయ్యెత్తాను. నా లెక్క ఏటా అక్టోబరు రెండునే మొదలై ఆ మధ్యాహ్నానికే ఆగిపోయింది.

అమెరికాలో కూడా ఇలాంటి సెలవు ఒకటుంది. మార్టిన్ లూథర్ కింగ్ పేరున జనవరి మూడో సోమవారం, మన సంక్రాంతి సందడి అయీ అవకుండానే వస్తుంది. 1994లో చట్టం చేసి దాన్ని సేవా దినంగా మార్చారు. ఇంట్లో కూర్చునే రోజు కాదు, పనిలోకి దిగే రోజు అని వాళ్ల నినాదం. అక్కడున్న మా మేనల్లుడు ఒకసారి బడికి రంగులు వెయ్యడానికి వెళ్లాడు. ముందే పేరు రాయించుకుంటే, ఎవరికి ఏ గదో చెప్పారట. అంటే ఎవరో అంతకుముందే ఆ బడికి వెళ్లి, ఏం కావాలని అడిగి వచ్చారన్నమాట.

అడగడం మన ఊరికి కొత్తేం కాదు. గిడుగు రామమూర్తిగారు ఇక్కడే మాస్టారు. మన కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పాలనుకుని, ముందు వాళ్ల భాష తాను నేర్చుకున్నారు. ఆ తరవాతే సొంత డబ్బుతో బడులు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా వీధికి అడ్డంగా చెట్లు పడ్డాయి, కరెంటు లేదు. ఆ రోజు మైకు ఎవరూ పట్టలేదు. గొడ్డలి ఎవరింట్లో ఉంది, మోకు ఎవరింట్లో ఉంది, అంతే మాటలు. మేం కొమ్మ నరకడం ఆలస్యం, పక్క వీధి ఒరియా కుర్రాళ్లు ఈడ్చి బండికెక్కించేవాళ్లు. నరికిన కొమ్మ నరికినచోటే ఉంటే దారి రాదు కదా.

అందుకని ఈసారి వారం ముందే ఆ వీధి ఊడ్చే అమ్మను అడిగాను. చెరువు మాట తరవాత బాబూ, తూము చూడండి అంది. ప్లాస్టిక్ అడ్డుపడి, వానొస్తే మురుగంతా వాళ్ల పేటలోకే ఎగదన్నుతోందట. ఇవాళ మనం దిగేది ఆ తూములోకి. చెత్త ఎక్కడ పొయ్యాలో మున్సిపాలిటీవాళ్లను కనుక్కున్నాం. ట్రాక్టరు రెండు తిప్పులు తోలుతుంది. గ్లౌజులు పన్నెండు జతలే ఉన్నాయి, లేనివాళ్లు గాజుపెంకుల జోలికి పోకండి, తట్టలు అందించండి. పదకొండు దాటితే ట్రాక్టరుకి వేరే బేరం ఉంది. ఫొటోలు అది రెండోసారి ఖాళీ అయి వచ్చాక.

బాబూ, ఆ మైకు కట్టెయ్యి.