అమెరికా దుకాణంలో ‘యామ్’ అంటే ఏ దుంప?

నమస్కారం. నార్త్ కరోలినాలో మేముండే కేరీ ఊళ్లోని ఒక సూపర్‌మార్కెట్ కూరగాయల వరుసలో నిలబడి మాట్లాడుతున్నాను. పక్కపక్కనే ఉన్న ఈ రెండు బుట్టలను చూడండి. ఒకదానిపై ‘స్వీట్ పొటాటో’ అనీ, రెండోదానిపై ‘యామ్’ అనీ రాసి ఉంది. నిజానికి రెండింటిలోనూ ఉన్నవి చిలగడదుంపలే. మొదటిదాని తొక్క లేత గోధుమ రంగు, లోపల పాలిపోయిన తెలుపు; రెండోదాని తొక్క రాగి రంగు, లోపల ముదురు నారింజ. ఉడికిస్తే ఒకటి పొడిపొడిగా, మరొకటి తడితడిగా మెత్తగా ఉంటుంది. అంతకుమించి తేడా లేదు. రెండూ మన చెరువు గట్ల మీది తూటికాడకు చుట్టమైన తీగకు ఊరినవే.

మరి రెండు పేర్లు ఎందుకంటే, అది 1930ల నాటి వ్యాపారం. లూసియానా స్టేట్ యూనివర్సిటీలో జూలియన్ మిల్లర్ నారింజ రంగు రకాలను మెరుగుపరిచాక, తూర్పు రాష్ట్రాల్లో పండే పొడి రకాలకూ తమ సరుకుకూ తేడా తెలియాలని లూసియానా వారు దీన్ని యామ్ అని అమ్మసాగారు. ఆ మాటను వారు పుట్టించలేదు. పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం, తమ దేశపు దుంపను పోలిన చిలగడదుంపను అప్పటికే ఆ పేరుతో పిలుచుకునేవారు. ‘తినడం’ అనే అర్థమున్న అక్కడి మాట ఒకటి పోర్చుగీసు మీదుగా ఇంగ్లీషుకు చేరి ‘యామ్’ అయిందని చెబుతారు. అంత దూరం నుంచి, అంత దుఃఖంతో వచ్చిన మాట చివరికి అట్టపెట్టె మీది గుర్తుగా మిగలడం నాకు కొంత బాధగానే ఉంటుంది.

ఈ గందరగోళం తెలిసే, యామ్ అని రాసిన చోట స్వీట్ పొటాటో అని కూడా రాయాలని ఇక్కడి వ్యవసాయ శాఖ నియమం పెట్టింది. థాంక్స్‌గివింగ్ పండుగకు పాకంలో వండుకునే ఈ డబ్బాను తిప్పి చూస్తే, ముందు పెద్ద అక్షరాల్లో యామ్స్ అనీ, వెనుక పదార్థాల పట్టికలో స్వీట్ పొటాటో అనీ కనిపిస్తుంది.

అసలైన యామ్ కావాలంటే ఆఫ్రికా సరుకుల దుకాణానికి వెళ్లాలి. చెట్టు బెరడులాంటి గరుకు తొక్క, తెల్లని గుజ్జు, ఒక్కొక్కటి కిలోలకొద్దీ బరువు. ప్రపంచంలో దాన్ని అందరికన్నా ఎక్కువగా పండించే నైజీరియాలో ఉడికించి, రోట్లో దంచి, ముద్దగా చేసుకుని పులుసుతో తింటారు. మన పెండలం ఈ జాతిదే.

ఇక మన కందను ఇంగ్లీషులో ‘ఎలిఫెంట్ ఫుట్ యామ్’ అంటారు కానీ అది పై రెండిటిలో ఏదీ కాదు, చేమదుంప కుటుంబానికి చెందినది. కోస్తే చేతులు దురద పెడతాయి, చింతపండు వేసి ఉడికించకపోతే గొంతు గరగరలాడుతుంది. ఇంగ్లీషులో రాసిన కంద బచ్చలి వంటకంలో ‘యామ్’ అన్న ఒక్క మాటను నమ్మి ఈ రాగి రంగు దుంపను వేస్తే, ఆవ ఘాటు తగిలిన తీపి ముద్ద తయారవుతుంది. కందకు ఇండియన్ స్టోర్‌లో ఫ్రీజర్ వెతకండి. ప్యాకెట్ మీద ‘సూరన్’ అని ఉంటుంది.

ఇంగ్లీషువారిని మాత్రమే అనడం న్యాయం కాదు. సిద్దిపేట నుంచి వచ్చిన మా పక్కింటావిడ మొన్న ఫోన్ చేసి, “వదినా, శివరాత్రికి కందగడ్డలు కావాలె, ఏడ దొరుకుతయి?” అని అడిగారు. గోదావరి వైపు పెరిగిన నేను సూరన్ ప్యాకెట్ గురించి చెప్పబోతుంటే, ఉపవాసం రోజు ఉడకబెట్టుకుని తినే తీపి గడ్డ అని ఆవిడే వివరించారు. తెలంగాణలో కందగడ్డ అంటే చిలగడదుంప. మాకు కంద అంటే దురద దుంప.

ఆవిడకు నేను ఈ రెండు బుట్టలూ చెప్పలేదు. ఇదిగో, ఈ చివర ‘జపనీస్ స్వీట్ పొటాటో’ అని రాసిన బుట్టలో ఊదా కలిసిన ఎర్రటి తొక్కతో, లోపల లేత పసుపుతో ఉన్నవి మన ఊరి గడ్డకు రుచిలో బాగా దగ్గరగా ఉంటాయి. ధర కాస్త ఎక్కువే కానీ, ఉడికించినా చెదరవు. వీటిలో సన్నగా, పొడవుగా ఉన్నవి ఏరుకోండి. లావుపాటివి పైన మెత్తబడినా నడుమ పలుకుగా మిగిలిపోతాయి.