పోకర్ నేర్చుకునేవాళ్లు ఉత్తి చిప్స్‌తో ఆడాలా, డబ్బులు పెట్టాలా? విజయవాడ స్టూడియో చర్చ

(పేర్లు తీసేసి హోదాలు మాత్రమే ఉంచాం. ఒకరి మీద ఒకరు అరిచిన చోట వినపడినంతవరకే రాశాం. డాక్టర్ గారి మాటలు చాలాచోట్ల సగంలో ఆగిపోతాయి, రికార్డింగ్‌లోనూ అంతే.)

యాంకర్: నమస్కారం. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ని పార్లమెంటు నిషేధించాక పోకర్ పేకాట యాప్‌లలో మిగిలింది ఫ్రీ చిప్స్ ఆటే, అంటే యాప్ ఉచితంగా ఇచ్చే ఉత్తుత్తి బిళ్లలతో ఆడేది. ఆ చిప్స్‌తో ఆడితే జన్మలో ఆట రాదు, కొత్తవాళ్లు కొద్దిగానైనా డబ్బు పెట్టాల్సిందే అని మన కోచ్ గారు పెట్టిన వీడియో మీద రెండు వారాలుగా రచ్చ నడుస్తోంది. లాయర్ గారూ, ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పండి.

లాయర్: రెండు ముక్కల్లో కష్టమండీ. మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ని 2020లోనే నిషేధించింది. కేంద్ర చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడాయే చూడదు. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే. ఆడించేవాళ్లకి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవాళ్లకి కేంద్ర చట్టంలో శిక్ష లేదు కానీ...

కోచ్: అదీ! ఆడేవాడికి శిక్ష లేదు. రాసుకోండి.

లాయర్: కేంద్ర చట్టంలో అన్నాను సార్. రాష్ట్ర చట్టం వేరే ఉంది.

కోచ్: 1968లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం కేసులోనే నైపుణ్యం అని చెప్పలేదా?

లాయర్: రమ్మీ గురించి చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి అంది. మూడు ముక్కలాట ఉత్తి అదృష్టమని కూడా అదే తీర్పులో అంది. పోకర్ సంగతి అందులో తేల్చలేదు.

యాంకర్: నాదొక ప్రశ్న. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన గుండాట బల్లలు వేస్తారు. దానికి లేని అభ్యంతరం ఫోన్‌లో పోకర్‌కి ఎందుకు?

లాయర్: గుండాట కూడా నేరమేనండీ.

యాంకర్: నేరమే, కానీ ఆడుతున్నారు కదా! సరే, కోచ్ గారూ.

కోచ్: నేను ఆన్‌లైన్ గురించి మాట్లాడటమే లేదు. చట్టబద్ధంగా ఎక్కడ కుదిరితే అక్కడ. గోవా ఉంది. నా పాయింటు ఆట గురించి. ఫ్రీ చిప్స్ టేబుల్ ఎప్పుడైనా చూశారా? మొదటి చేతికే, అంటే మొదటిసారి ముక్కలు పంచగానే, నలుగురు ఆల్ ఇన్, ఉన్న చిప్స్ అన్నీ పెట్టేస్తారు. పోతే ఏమైంది, పొద్దున్నే యాప్ మళ్లీ ఇస్తుంది. అక్కడ మంచి ముక్కలు లేకుండా పందెం పెంచి బ్లఫ్ చేస్తే ఎవరికి భయం? ఆసుల జత 221 చేతులకి ఒకసారి వస్తుంది సగటున. ఎదురుగా ఒక్కడే ఉంటే వందలో 85 సార్లు గెలుస్తుంది. ఏదో ముక్క పట్టుకుని ఐదుగురూ వచ్చేశారనుకోండి, అవే ఆసులు గెలిచేది సగం సార్లే. అప్పుడు కొత్త కుర్రాడు ఏం నేర్చుకుంటాడు? మంచి ముక్కలకి విలువ లేదని నేర్చుకుంటాడు!

డాక్టర్: ఆట వరకు మీరు చెప్పింది నిజమే కావచ్చు. నా దగ్గరికి వచ్చే పిల్లల విషయంలో మాత్రం...

కోచ్: మేడమ్, ఒక్క నిమిషం. పూర్తి చేయనివ్వండి. మీ చేతిలో రెండు ఇస్పేట్లు, టేబుల్ మీద మూడు ముక్కల్లో రెండు ఇస్పేట్లు. ఇంకొకటి వస్తే ఫ్లష్, అంటే ఐదూ ఇస్పేట్లే. మీకు కనపడని ముక్కలు 47, వాటిలో ఇస్పేట్లు తొమ్మిది. టేబుల్ మీద ఇంకా తెరవాల్సిన రెండు ముక్కలూ చూడగలిగితే 35 శాతం అవకాశం. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, వంద ఉంది, వాడు ఉన్న యాభై పెట్టేసి ఆల్ ఇన్ అన్నాడు. మీరు యాభై పెట్టాలా, పారేయాలా? పెట్టాలి. మొత్తం రెండొందలయ్యే పాట్‌లో మీది యాభై, అంటే పాతిక శాతం ఉంటే చాలు, మీకు 35 ఉంది. ఈ లెక్క చెయ్యాలంటే యాభై అంటే యాభైలా అనిపించాలి!

డాక్టర్: ఈ లెక్క చింతపిక్కలతో కూడా వస్తుంది కదండీ.

కోచ్: రాదు! చింతపిక్కలు పెడితే ఎవడూ ముక్క పారేయడు. మా ఇంట్లో చూశాను.

(నవ్వులు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. “అమ్మమ్మ” అన్న మాట తప్ప ఏదీ తెలియలేదు.)

యాంకర్: చింతపిక్కలంటే గుర్తొచ్చింది, గుండాటలో కూడా పది రూపాయలతోనే మొదలుపెడతారు కదా డాక్టర్ గారూ?

డాక్టర్: గుండాట కాసేపు పక్కన పెట్టండి. చిన్న మొత్తమే కదా అని మొదలుపెడతారు. ఇబ్బంది మొత్తంతో కాదు, పోయింది రాబట్టుకోవాలన్న పట్టుదలతో. రాత్రి రెండింటికి కూడా ఫోన్ కింద పెట్టనివ్వదు అది. అందులోనూ మొదట్లోనే గెలిచినవాళ్లు...

కోచ్: 2003 పోకర్ వరల్డ్ సిరీస్! క్రిస్ మనీమేకర్, ఒక అకౌంటెంట్. ఆన్‌లైన్‌లో 86 డాలర్ల శాటిలైట్ టోర్నీ, అంటే పెద్ద టోర్నీకి దారి చూపే చిన్న పోటీ, గెలిచి వెళ్లాడు, 25 లక్షల డాలర్లు కొట్టాడు.

యాంకర్: 86 డాలర్లతో! ఇది స్క్రోలింగ్‌లో వెయ్యండి.

డాక్టర్: ఆ టోర్నీలో 839 మంది ఆడారు. మిగతా 838 మంది గురించి కూడా వెయ్యమనండి.

కోచ్: అందుకే నేను బ్యాంక్‌రోల్ అంటాను! ఒక టేబుల్‌కి తీసుకెళ్లే డబ్బుకి ఇరవై, ముప్ఫై రెట్లు పక్కన ఉంటేనే కూర్చోమంటాను. ఇల్లు గడిచే డబ్బు ముట్టొద్దంటాను. నా వీడియోలో ఇది కత్తిరించి తిప్పుతున్నారు.

లాయర్: ఖర్చు సంగతి కూడా చెప్పండి. ప్రతి పాట్‌లో నిర్వాహకుడు తన వాటా లాగుతాడు, రేక్ అంటారు. అందరూ సమానంగా ఆడినా చివరికి అందరి జేబులూ తరుగుతాయి. యాప్‌లు నడిచిన రోజుల్లో 2023 అక్టోబర్ నుంచి కట్టే డబ్బు మీద 28 శాతం జీఎస్టీ, నికరంగా గెలిచినదాని మీద 30 శాతం టీడీఎస్. చిన్న ఆట చవకేం కాదు.

కోచ్: అది పాత కథ సార్.

లాయర్: మీరు 2003 చెప్పారు, నేను 2023 చెప్పాను!

యాంకర్: తెనాలి నుంచి ఒక ఫోన్ కాల్. చెప్పండి సార్. టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్: ఆ... తగ్గించానండి. మావాడు బీటెక్. ఫ్రీ చిప్స్‌తోనే మొదలెట్టాడు. అవి అయిపోతే వాళ్లమ్మ ఫోన్‌లోంచి డబ్బు కట్టి మళ్లీ చిప్స్ కొన్నాడు. గెలిచినా ఆ చిప్స్‌కి పైసా రాదంట కదా. ఉత్తి పుణ్యానికి కొంటున్నాడు. దేంతో ఆడాలన్నది కాదండి, మాన్పించడం ఎలాగో చెప్పండి.

డాక్టర్: చాలా మంచి ప్రశ్న. ముందు ఫోన్‌లో చెల్లింపులకి పిన్ మార్చండి. తిట్టకుండా కూర్చోబెట్టి ఎంత కట్టాడో అతని చేతే లెక్క రాయించండి. తర్వాత...

కోచ్: చూశారా? ఉత్తి చిప్స్ కూడా డబ్బులు తింటాయి! నేను చెప్పింది అదే. సార్, మీ అబ్బాయిని నా క్లాస్‌కి పంపండి.

కాలర్: మాన్పించడానికా?

కోచ్: క్రమశిక్షణ నేర్పడానికి.

(లైన్ కట్ అయింది. కట్ చేశారో, ఆయనే పెట్టేశారో తెలియదు.)

డాక్టర్: నేను చెప్పేది ఇంకా పూర్తి కాలేదు.

యాంకర్: వస్తాను మేడమ్. లాయర్ గారూ, ఒక్క మాటలో. గుండాట ఆపలేనివాళ్లు పోకర్ ఆపగలరా?

లాయర్: ఒక్క మాటలో చెప్పలేనండీ. అయినా ఇవాళ్టి ప్రశ్న అది కాదు కదా.

యాంకర్: సరే, టైమ్ అయిపోయింది. మొత్తానికి కోచ్ గారి వాదనలో బలం ఉందని ఒప్పుకోవాలి.

డాక్టర్: ఎవరు ఒప్పుకున్నారు?

యాంకర్: గట్టిగా చెప్పారు కదా మేడమ్. వచ్చే వారం గుండాట మీద ప్రత్యేక చర్చ.

కోచ్: ఒక్క నిమిషం, క్లాసు వివరాలు. బెంజి సర్కిల్ దిగి ఎడమ చేతి వైపు...

(ఆడియో ఇక్కడ ఆగింది.)