బరువెక్కే ఎలక్ట్రాన్లు

శ్రోతలకు నమస్కారం. పెళ్ళి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైట్లు నెత్తిన పెట్టుకుని నడిచిన రోజులు మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటాయి. ఆ లైటులో చిన్న సంచీలా వేలాడే మాంటిల్, ఒకసారి వెలిగాక వేలు తగిలితే చాలు పొడిపొడి అయిపోయేది. అందులో దాదాపు అంతా థోరియం ఆక్సైడే. నూటికి ఒక వంతు మాత్రం సీరియం ఆక్సైడ్. ఆ ఒక్క వంతూ లేకపోతే అంత తెల్లటి వెలుగు రాదు. మన భీమిలి తీరపు ఇసుకలోని మోనజైట్‌లోనూ ఈ సీరియం ఉంది. మంటలో మెరిసే ఈ లోహం మహా చలిలో ఏం చేస్తుందన్నదే ఇవాళ్టి కబురు.

చలి కథ హాలండ్‌లోని లైడెన్ నగరంలో మొదలైంది. 1908లో కామెర్లింగ్ ఓన్స్ అక్కడ హీలియంని ద్రవంగా మార్చాడు. అంటే సున్నాకి దిగువన 269 డిగ్రీలు. లోహాన్ని చల్లబరిస్తే పరమాణువుల ఊగిసలాట తగ్గుతుంది, కరెంటు మోసే ఎలక్ట్రాన్లకి దారి సుగమమవుతుంది, నిరోధం తగ్గి ఒకచోట నిలిచిపోతుంది. అదీ అందరూ అనుకున్నది. కానీ 1934లో అదే లైడెన్‌లో బంగారాన్ని కొలిస్తే, నిరోధం తగ్గి తగ్గి, ఇంకా చల్లబరిచేసరికి తిరిగి పెరగడం మొదలుపెట్టింది! ముప్ఫై ఏళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు.

1964లో జపాన్ శాస్త్రవేత్త జున్ కోండో చిక్కుముడి విప్పాడు. దోషం బంగారానిది కాదు, అందులో లేశమాత్రంగా కలిసిన ఇనుములాంటి మలినానిది. ఒక్కో ఇనుప పరమాణువూ ఓ బుల్లి అయస్కాంతం. దాన్ని ఢీకొన్న ఎలక్ట్రాన్ దాని దిశని తిప్పేసి పోతుంది. తర్వాత వచ్చే ఎలక్ట్రాన్‌కి ఆ తిరిగిన అయస్కాంతమే ఎదురవుతుంది. అంటే ముందువాడు చేసిన పని వెనకవాడి మీద పడుతుంది. ఎవరి దారి వాళ్ళదే అనుకున్న ఎలక్ట్రాన్లు అక్కడ ఒకదానికొకటి ముడిపడిపోయాయి. అయితే కోండో లెక్క ప్రకారం పరమశూన్యం దగ్గర, అంటే అంతకన్నా చలి ఉండని సున్నాకి దిగువ 273 డిగ్రీల దగ్గర, నిరోధం అనంతమైపోవాలి, అది కుదరని పని. 1975లో కెన్నెత్ విల్సన్ ఆ చిక్కూ తీర్చాడు: చివరికి చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఆ అయస్కాంతాన్ని కమ్మేసి, దాని ఉనికే తెలియకుండా చేస్తాయి.

మరి మలినం ఎక్కడో ఒకటి కాక, పదార్థం నిండా వరసగా అలాంటి పరమాణువులే ఉంటే? సీరియం పరమాణువు లోపలి పొరలో ఒంటరి ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది, అచ్చం ఆ ఇనుము తరహాలోనే. అదే 1975లో సీరియం, అల్యూమినియం కలిసిన పదార్థాన్ని పరమశూన్యానికి పైన డిగ్రీలో అయిదో వంతుకన్నా తక్కువకి చల్లబరిచి, కాస్త వేడి ఇచ్చి చూశారు. ఎలక్ట్రాన్లు ఎంత బరువుగా కదిలితే అంత ఎక్కువ వేడి మింగుతాయి. ఇక్కడ ఒక్కో సీరియం పరమాణువు లెక్కన మింగిన వేడి, రాగి పరమాణువుతో పోలిస్తే రెండువేల రెట్ల పైమాటే.

త్రాసులో పెడితే ఆ ముక్క బరువేమీ పెరగదు సుమండీ. దమ్ము చేసిన మడిలో నడిచినవాళ్ళకి తెలుస్తుంది, కాలు అదే కాలు, కానీ ఎత్తబోతే మణుగు బరువు. ఇక్కడ బురద కూడా ఎలక్ట్రాన్లే, అదొక్కటే తేడా.

అసలు వింత 1979లో బయటపడింది. సీరియం, రాగి, సిలికాన్ కలిసిన లోహం పరమశూన్యానికి అర డిగ్రీ పైన నిరోధమే లేని అతివాహకంగా మారిందని ఫ్రాంక్ స్టెగ్లిష్ బృందం ప్రకటించింది. చాలామంది నమ్మలేదు. అయస్కాంత పరమాణువులు అతివాహకతకి బద్ధశత్రువులని అప్పటిదాకా పాఠం. చిత్రమేమిటంటే, సీరియం తీసేసి అయస్కాంత గుణం లేని లాంథనం పెడితే అతివాహకత కనిపించలేదు. శత్రువే లేకపోతే పని జరగలేదన్నమాట. అతివాహకత రావాలంటే ఎలక్ట్రాన్లు జంటలు కట్టాలి. ఇక్కడ బరువెక్కిన ఆ ఎలక్ట్రాన్లే జంటలు కట్టాయి. ఆ జంటల రూపం మాత్రం ఇంకా తేలలేదు. 2014లో మరింత లోతు చలిలో కొలిచేసరికి, అంతవరకూ ఎక్కువమంది ఒప్పుకున్న బొమ్మ కాస్తా సరిపోకుండా పోయింది.